సున్నపు గీత

యుద్ధం ఎక్కడో సముద్రాల అవతల జరుగుతోంది. సున్నం మాత్రం పిడుగురాళ్లలో కాలాలి.

యుద్ధం గురించి పెదకోటయ్యకు తెలిసిందల్లా అంతే. విమానాలు దిగే మైదానాలట, సిపాయిలు పడుకునే బ్యారక్‌లట, అన్నిటికీ సున్నమే కావాలట. కృష్ణవేణీ సున్నం కంపెనీ అంటే అప్పటికే మాటలు కాదు. రాతిగనులు, బట్టీలు, రెండు లారీలు, గుంటూరులో పెద్దాఫీసు, సత్తెనపల్లిలోనూ నరసరావుపేటలోనూ డిపోలు. అందులో పిడుగురాళ్ల బట్టీలకు మేనేజరు పెదకోటయ్య. మనిషి మంచివాడే. మీసం ఒక్కటే కాస్త పెద్దది. అది సున్నపు దుమ్ముకు ఎప్పుడూ తెల్లగా ఉండేది కనక, నలభై దాటకముందే ఊళ్ళో పిల్లలు ఆయన్ని తాతా అని పిలిచేవాళ్ళు.

ఆయనకు ఈ లోకంలో ఒకటే కోరిక. నరసరావుపేట డిపో.

కోరిక ఆయనదే గానీ, దాన్ని పొద్దున్నే నిద్రలేపి పైకి తోలేది ఆయన భార్య మల్లమ్మ. మల్లమ్మ పుట్టిల్లు నరసరావుపేట. కాపరానికి వచ్చిన నాటినుంచీ ఆవిడకు పిడుగురాళ్లలో ఒకే రంగు కనిపించింది. పప్పు తెలుపు, పులుసు తెలుపు, ఎర్రగా కలిపిన ఆవకాయ మీద కూడా మర్నాటికి తెల్లటి పొర. "ఏమయ్యా, ఇంకో ఏడు ఇక్కడుంటే నాకు గోడకీ నీకూ తేడా తెలీదు" అనేది. అది మాటవరసకు అన్నది కాదు. ఒకసారి నిజంగానే గోడకానుకుని కునుకుతున్న పెదకోటయ్య మీద తడిగుడ్డ ఆరేసింది.

అందుకని ఏటా ఒకసారి పెదకోటయ్య ఉతికిన పంచె కట్టుకుని గుంటూరు వెళ్ళి, షావుకారుగారి ముందు చేతులు కట్టుకుని నిలబడేవాడు. షావుకారుగారు కంపెనీకి యజమాని. ఆయన నోరు మెత్తన, పట్టు గట్టిది. అంతా విని, లేచి వచ్చి, భుజం మీద చెయ్యేసి అనేవాడు: "నువ్వు లేకపోతే ఆ బట్టీలు ఏమైపోతాయోయ్ కోటయ్యా?"

ఆ మాటకు పెదకోటయ్య ఛాతీ బుట్టంత అయ్యేది. రైల్లో దారి పొడుగునా ఆ మాటే నెమరేసుకునేవాడు. పిడుగురాళ్ల స్టేషన్లో దిగి, ఇంటి గుమ్మంలో మల్లమ్మ మొహం చూశాకగానీ తను తెచ్చింది ఒట్టి మాటేనని తెలిసేది కాదు. మళ్ళీ ఎక్కడ వేసిన గొంగళి అక్కడే.

ఇంతలో మనుషులు జారిపోవడం మొదలైంది. మిలటరీ కంట్రాక్టర్ల మనుషులు టీకొట్టు దగ్గర కూచుని, పనితెలిసిన వాణ్ణి కంటితోనే ఏరుకుని, ఆకూ వక్కా చేతిలో పెట్టి తీసుకుపోతున్నారు. ఇవాళ ఉన్న రాయికొట్టేవాడు రేపు ఉండడం లేదు. షావుకారుగారు స్వయంగా పిడుగురాళ్ల వచ్చి, కుర్చీలో కూచుని, చాలాసేపు మీసం లేని పైపెదవి నిమురుకుని ఒక ఉపాయం చెప్పాడు.

"మనిషి విసుగుపడేది కంపెనీ మీద కాదోయ్, చేసే పని మీద. ఎవడైనా పోతానన్నాడనుకో, బతిమాలొద్దు, తిట్టొద్దు. ఇంకేం పని చేస్తావురా అని అడుగు. కంపెనీలోనే ఆ పని చూపించు. పని మారితే మనిషి ఉంటాడు. ఈ మిలటరీ సరుకు పూర్తయ్యేలోగా ఒక్కడు కూడా గేటు దాటిపోలేదా, నరసరావుపేట నీదే."

పెదకోటయ్యకు మొదటి సగం అర్థం కాలేదుగానీ చివరిమాట బాగా అర్థమైంది. మర్నాడే డప్పు కొట్టించి చాటింపు వేయించాడు: కంపెనీలో ఎవరికి ఏ పని మీద మోజుంటే వచ్చి అడగొచ్చు.

పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అనలేదు పెద్దలు. కాపలా ఉండే మరియదాసు, కూచునీ కూచునీ కాళ్ళు తిమ్మిరెక్కాయి, వంట చేస్తానన్నాడు. వంటచేసే గురవయ్య, కూలీలకు ఉప్పు చాలదు కారం చాలదు అని చెప్పించుకోలేక పోతున్నాను, నోరులేని గేటు దగ్గర కూచుంటానన్నాడు. మారారు. కొన్నాళ్ళు కూలీలు మరియదాసు పులుసు తిని దేవుణ్ణి తలుచుకున్నారు. గురవయ్య గేటు దగ్గర కొత్తమనిషి ఎవరొచ్చినా పాత అలవాటు కొద్దీ "అన్నం తిన్నావా?" అని అడిగి లోపలికి పంపేవాడు. కాటా దగ్గర గుమాస్తా యేసుపాదం తలపట్టుకున్నాడు. ఏదైతేనేం, గేటు దాటి పోయినవాడు మాత్రం లేడు. పోదామనుకున్నవాడు కూడా, ఇంకా ఏయే పనులున్నాయో చూసిపోదామని ఆగాడు. షావుకారు మాట నిజమేనని పెదకోటయ్య ఒప్పుకున్నాడు. మల్లమ్మకు కూడా చెప్పాడు, సామాను ఏది ముందు సర్దాలో చూసుకోమని.

అప్పుడొచ్చి అడిగాడు బాలశౌరి.

బాలశౌరి బట్టీకి అగ్గిపెట్టే మేస్త్రీ. రాయి ఒక పొర, బొగ్గు ఒక పొర పేర్చి, కింద అంటించి, కాలినన్నాళ్ళూ దాన్ని కనిపెట్టుకుని ఉండేది అతనే. ఆ చేతిలో సున్నం వెన్నలాగా దిగేది. ఇంకొకడు పెడితే సగం పచ్చిరాయి, సగం మాడిన రాయి.

"అయ్యా, నన్ను లారీ మీదికి మార్చండి" అన్నాడు.

పెదకోటయ్య గుండెలో రాయిపడింది. "లారీ ఏందిరా? నీకు అగ్గి తెలుసుగానీ లారీ ఏం తెలుసు?"

"అదీ అగ్గే గదయ్యా."

నిజమే. పెట్రోలు దొరకని రోజులు. లారీ వెనకాల పెద్ద ఇనప పీపా బిగించి, అందులో బొగ్గు రాజేసి, ఆ పొగతో ఇంజను నడిపేవాళ్ళు. డ్రైవరు నూర్ మొహమ్మద్ ఆ పీపాతో వేగలేక చస్తున్నాడు. ఎక్కడబడితే అక్కడ చల్లారిపోయేది. "ఇది లారీ కాదు, చక్రాలున్న బట్టీ. నాకు బాలశౌరిని ఇప్పించండి" అని అతనూ ఎప్పటినుంచో అడుగుతున్నాడు.

"ఇన్నేళ్ళు కూచున్న అగ్గికి కాపలా ఉన్నానయ్యా" అన్నాడు బాలశౌరి. "నడిచే అగ్గిని చూడాలనుంది. నకరికల్లు అవతల ఏముందో కూడా నాకు తెలవదు. మీరు మార్చకపోతే మిలటరీవాళ్ళు పిలుస్తానే ఉన్నారు. పోవాలని లేదు నాకు. పోనియ్యమాకండి."

షావుకారు చెప్పిన ప్రకారమైతే ఇక్కడ పెదకోటయ్య చేయాల్సిన పని ఒకటే: సరేరా అనడం. కానీ ఆయన లెక్క వేరు. బాలశౌరి మిలటరీకి పోయినా, లారీ ఎక్కినా, తన బట్టీకి మాత్రం ఒకటే. సున్నం చెడుతుంది. సున్నం చెడితే నరసరావుపేట పోతుంది. అందరినీ ఇటునుంచి అటు మార్చొచ్చు, పనికిరానివాణ్ణి మార్చడానికి ఎవరికి అభ్యంతరం? బంగారంలాంటి మేస్త్రీని ఎలా వదులుతాడు?

"మారుస్తానురా, మార్చకేం" అన్నాడు. "ఈ బట్టీ దిగనీ."

ఆ బట్టీల దగ్గర ఒక ఆచారం ఉంది. అగ్గిపెట్టే రోజున ఎవరి దేవుడికి వాళ్ళు చెప్పుకుంటారు. ఒకరు కొబ్బరికాయ కొడితే, బాలశౌరి నుదుట సిలువ గుర్తు వేసుకుంటాడు. ఆ తర్వాత బట్టీల ఆవరణ చుట్టూ, గుడిసెలూ మేనేజరు ఇల్లూ కలిసివచ్చేట్టు, సున్నంతో గీత గీస్తారు. అగ్గి పెట్టినవాడు ఆ బట్టీ కాలి, చల్లారి, సున్నం దిగేదాకా ఆ గీత దాటకూడదు. మిగతావాళ్ళు ఎన్నిసార్లయినా దాటొచ్చు. అతనొక్కడే దాటకూడదు. దాటాడా, ఆ బట్టీని ఇంకెవరూ తాకరు. లోపలి రాయి అలా పడుండాల్సిందే. ఎప్పటినుంచి వచ్చిందో తెలియదుగానీ మతం ఏదైనా బట్టీలవాళ్ళందరికీ అదొక్కటే మతం.

పెదకోటయ్యకు ఆ ఆచారమంటే మొదట్లో నవ్వు. ఇప్పుడు అదే దేవుడిచ్చిన తాళంలా కనిపించింది. ఉన్నవి మూడు బట్టీలు. ఒకటి దిగుతుందనగానే, రేపు దిగుతుందనంగా ఇవాళే, పక్కదానికి అగ్గి పెట్టించేవాడు. దానికీ బాలశౌరే. అది దిగేలోపు ఇంకోటి. బాలశౌరి ఒక గీతలోంచి కాలు తీయకముందే ఇంకో గీత పడేది. నోరు తెరిచి అడిగితే పెదకోటయ్య కళ్ళు పెద్దవి చేసేవాడు. "ఆచారమంటే ఆటలనుకున్నావంట్రా? నేనా మార్చనంది? అగ్గి మార్చనియ్యట్లేదు." కూలీలందర్నీ పోగేసి, గీత దాటినవాడి వల్ల ఎక్కడెక్కడ ఏయే బట్టీలు పేలిపోయాయో చెప్పేవాడు. ఆ కథలన్నీ ఆయన అప్పటికప్పుడు కల్పించినవే.

బాలశౌరి గొడవపడే మనిషి కాదు. నూర్ మొహమ్మదే ఒక ఉపాయం చేశాడు. సరుకు ఎత్తుకోడానికి వచ్చినప్పుడల్లా లారీని వెనక్కి నడిపి, పీపా ఉన్న భాగం గీత లోపలికి వచ్చేట్టు నిలబెట్టేవాడు. బాలశౌరి గీత లోపల నిలబడి పీపాలో అగ్గి సరిచేసేవాడు. ఆ రోజు లారీ దారిలో ఎక్కడా ఆగేది కాదు. "వెనక సగం లారీ వచ్చేసింది భాయీ" అని నవ్వేవాడు బాలశౌరి. "ముందు సగమే మిగిలింది." నవ్వేవాడేగానీ, లారీ కదిలిపోయాక గీత దగ్గరే చాలాసేపు నిలబడేవాడు. అది పెదకోటయ్య కిటికీలోంచి చూసేవాడు. చూసి కిటికీ మూసుకునేవాడు.

బాలశౌరి భార్య ఆరోగ్యమ్మ మాత్రం మొగుడి లాంటి మనిషి కాదు. ఆమె కూడా బట్టీ దగ్గరే రాళ్ళబుట్ట మోసేది, పొరలు పేర్చేది. మేనేజరు తెలివి ఆమెకు ముందే అర్థమైంది. అర్థమయ్యాక నోరు మూసుకుని అదను కోసం చూసింది.

అదను వచ్చింది. మిలటరీ సరుకు కోసం కంపెనీ నాలుగో బట్టీ కట్టింది. మిగతా మూడూ దీని ముందు పిల్లబట్టీలు. దానికి అగ్గి పెట్టే రోజుకు తక్కినవన్నీ దిగిపోయాయి. కూలీలంతా పోగయ్యారు, కొబ్బరికాయ తెచ్చారు. పెదకోటయ్య కాగడా చేత్తో పట్టుకుని "ఏడిరా బాలశౌరి?" అంటుండగా ఆరోగ్యమ్మ బంతిపూల దండతో ముందుకొచ్చింది.

"అయ్యగారూ, ఇంత బట్టీ పిడుగురాళ్లలో ఎవరన్నా కట్టారా? కట్టించింది మీరు. మొదటి అగ్గి మీ చేత్తో పడాల. మా ఆయనెంత, ఆయన చెయ్యెంత!"

"అవునయ్యా" అన్నారు నలుగురు. "మేనేజరుగారి చెయ్యి!" అన్నారు ఇంకో నలుగురు. డప్పు మోగింది. పెదకోటయ్య వద్దు వద్దంటూనే మెడ ముందుకు వంచాడు. దండ పడింది. ఇంటి అరుగు మీదనుంచి మల్లమ్మ కేకేసింది: "పెట్టయ్యా, ఇంట్లో పొయ్యి ఎట్టాగూ ఊదవు!" అందరూ నవ్వుతుండగా ఆయన కాగడా తిప్పి బట్టీ నోట్లో పెట్టాడు. అగ్గి చక్కగా అందుకుంది. యేసుపాదం సున్నపు బుట్ట పట్టుకుని గీత గీసుకుంటూ పోయాడు.

సాయంత్రం దండ తీసి మేకుకు తగిలిస్తుంటేగానీ ఆయనకు తట్టలేదు. కిటికీ తెరిచి చూస్తే, గీత అవతల బాలశౌరి లారీ ముందు సగం కడుగుతున్నాడు. పాట కూడా పాడుతున్నాడు.

పెదకోటయ్యకు ఒళ్ళు మండింది. తర్వాత సర్దుకున్నాడు. 'పోనీలే, గీత ఉంటే నాకేం? గీత లేకుండానే ఇన్నేళ్ళుగా కదిలింది లేదు' అనుకున్నాడు. అనుకున్నాక ఆ ఆలోచన ఎందుకో ఆయనకే నచ్చలేదు.

దేవుడికి కూడా ఒక్కోసారి పనిలేనప్పుడు ఇలాంటి సరదాలు పుడతాయి. మర్నాడు మధ్యాహ్నమే షావుకారుగారు మోటారులో దిగాడు.

"కోటయ్యా, నీ అదృష్టం పండింది. నరసరావుపేట డిపో వాడు ఉన్నట్టుండి మానేశాడు. ఎల్లుండికల్లా తాళాలు పుచ్చుకోవాలి. రేపు పొద్దున మన లారీలోనే సామానుతో బయల్దేరు. ఆలస్యం చేశావా, మా బావమరిది కాచుక్కూచున్నాడు. వాడి అక్కను ఆపడం నా వల్ల కాదు. అన్నట్టు, నరసరావుపేటలోనే రెండో లారీకి బొగ్గు పీపా బిగిస్తున్నారు. దానికి మనవాళ్ళలో ఎవడన్నా ఉంటే అదే లారీలో ఎక్కించు. ఎవడూ లేకపోతే బయటివాణ్ణి పెట్టేస్తాను."

పెదకోటయ్యకు గీత సంగతి గుర్తులేదు. అసలేదీ గుర్తులేదు. ఇంట్లోకి పరిగెత్తి మల్లమ్మకు చెప్పాడు. మల్లమ్మ పప్పు దాకలో నీళ్ళు పొయ్యిలో పోసి ఆర్పేసింది. తెల్లారేసరికి మంచాలు, పెట్టెలు, తిరగలి, ఆవకాయ జాడీలు లారీ ఎక్కాయి. అన్నిటికంటే ముందు మల్లమ్మ ఎక్కి డ్రైవరు పక్కన కూచుంది. నూర్ మొహమ్మద్ లారీ రాజేశాడు. బాలశౌరి కొత్త తువాలు భుజాన వేసుకుని వెనక పీపా దగ్గర నిలబడ్డాడు.

పెదకోటయ్య చంకలో గొడుగు పెట్టుకుని, చెప్పులు టకటకలాడించుకుంటూ వచ్చాడు. గీత దగ్గరకు వచ్చేసరికి కూలీలంతా వరసగా నిలబడి ఉన్నారు. సాగనంపడానికి వచ్చారనుకుని చెయ్యెత్తాడు.

"అయ్యగారూ, గీత" అంది ఆరోగ్యమ్మ.

ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

"గీతేందే, గీత! అవన్నీ మూఢనమ్మకాలు. సున్నం కాలేది బొగ్గుకు, గీతకు కాదు."

"గీత దాటితే వినుకొండ అవతల బట్టీ పేలిపోయిందన్నారు గదయ్యా" అన్నాడు మరియదాసు గరిటె చేత్తో పట్టుకునే.

"గురజాల దగ్గర మేస్త్రీకి మాట పడిపోయిందన్నారు" అన్నాడు గురవయ్య.

వాళ్ళ మొహాల్లో ఎగతాళి లేదు. అదే వచ్చిన చిక్కు. నిజంగానే నమ్మి, నిజంగానే భయపడి చెబుతున్నారు. ఆయన కాలు బయటపడితే ఆ బట్టీ మీద వాళ్ళు చెయ్యి వేయరు.

రాత్రి ఆఫీసులోనే పడుకున్న షావుకారుగారు గొడవ విని వచ్చాడు. సంగతి విన్నాడు. పెద్ద బట్టీ వంక చూశాడు, మిలటరీ సరుకు తలుచుకున్నాడు. నెమ్మదిగా వచ్చి పెదకోటయ్య భుజం మీద చెయ్యేశాడు.

"నువ్వు లేకపోతే ఆ బట్టీ ఏమైపోతుందోయ్ కోటయ్యా?"

ఈసారి ఛాతీ పెరగలేదు. ఆ చెయ్యి భుజం మీద మంచంకోడులాగా బరువుగా ఉంది.

ఆచారంలో ఒక వెసులుబాటు ఉంది. ఇదివరకు అగ్గి పెట్టినవాడు ఎవడైనా, తనంతట తాను, ఒకరు చెప్పకుండా, ఆ అగ్గిని తన మీదికి తీసుకోవచ్చు. అప్పుడు మొదటివాడు పోవచ్చు, రెండోవాడు ఉండిపోవాలి. ఆ అగ్గి తీసుకోగలవాడు అక్కడ ఒక్కడే ఉన్నాడు. అందరూ లారీ వెనక్కి చూశారు. పెదకోటయ్య చూడకూడదనుకున్నాడు. చూశాడు.

బాలశౌరి లారీ దిగాడు. కొత్త తువాలు తీసి మడతపెట్టి, గీత దగ్గరకు వచ్చి నిలబడ్డాడు.

"అమ్మగారు ఎక్కి కూచున్నారయ్యా. మీరు పొండి. అగ్గి నేను తీసుకుంటా. నాకు అలవాటేగా."

గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండును. పెదకోటయ్య ప్రాణం లేచొచ్చింది. చెయ్యి చాచి బాలశౌరి భుజం మీద వేసి, కళ్ళనీళ్ళు పెట్టుకున్నంత పనిచేసి, మనస్ఫూర్తిగా అనబోయాడు:

"నాకు తెలుసురా బాలశౌరీ! నువ్వు లేకపోతే ఈ బట్టీ ఏమై..."

తన భుజం వంక చూసుకున్నాడు.

షావుకారు చెయ్యి ఇంకా ఆయన భుజం మీదే ఉంది. తన చెయ్యి బాలశౌరి భుజం మీద ఉంది. ఆ మాట ఎక్కడ విన్నదో, ఎన్నిసార్లు విన్నదో, ప్రతిసారీ దాన్ని మోసుకుంటూ ఎలా ఇంటికి పోయాడో అంతా ఒక్కసారి గుర్తుకొచ్చింది. తనను కట్టేసిన తాడుతోనే తను ఇంకొకణ్ణి కట్టేశాడు. పైగా ముడి ఇంకా గట్టిగా వేశాడు. ఆయనకు సిగ్గేసింది. జీవితంలో ఎప్పుడూ అంత సిగ్గుపడలేదు.

"లారీ ఎక్కరా" అన్నాడు.

"అయ్యా?"

"ఎక్కమంటుంటే! తొందరగా ఎక్కు, మళ్ళీ నాకు బుద్ధి మారుద్ది!"

బాలశౌరి ఆయన మొహంలోకి చూశాడు. ఏం కనిపించిందో, వంగి దణ్ణం పెట్టి, పరిగెత్తి ఎక్కాడు. పెదకోటయ్య భార్యను పిలిచాడు. "దిగవే. ఇప్పుడు కాదులే మనకు."

"నేను దిగను" అంది మల్లమ్మ. "ఈ బండి ఎక్కడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. నువ్వు సున్నం దిగాక రా." లారీ కదిలింది. మంచాలూ తిరగలీ ఆవకాయా అన్నీ నరసరావుపేట పోయాయి. పెదకోటయ్యకు ఒక గొడుగు మిగిలింది.

ఆ బట్టీ కాలినన్నాళ్ళూ ఆయన దాని దగ్గరే కూచున్నాడు. ఖాళీ ఇంట్లో చేసేదేముంది? బాలశౌరి చోటు నాకియ్యండి, బుట్టలు మోసీ మోసీ నడినెత్తి బోడైందని ఆరోగ్యమ్మ అడిగింది. ఇచ్చాడు. పొగ రంగు చూసి ఆమె ఎక్కడ గాలి వదలాలో చెబుతుంటే ఆయన విని తలూపేవాడు. అగ్గి వదిలి ఆఫీసుకు పోలేడు కనక, కూలీల హాజరూ సరుకు రవాణా అన్నీ యేసుపాదానికి ఒప్పజెప్పాడు. యేసుపాదం మొదట వణికాడు. తర్వాత కుర్చీలో వెనక్కి ఆనుకోవడం మొదలుపెట్టాడు.

నరసరావుపేట కబుర్లు నూర్ మొహమ్మద్ తెచ్చేవాడు. బాలశౌరికి రెండో లారీ మీద చక్రం పట్టడం తనే నేర్పుతున్నానన్నాడు. అనుకున్నట్టే షావుకారు బావమరిది డిపోలో చేరాడు. పేకాట మంచి రసపట్టులో ఉండగా వానొచ్చిందట. కప్పు కారిందట. కాల్చిన సున్నం మీద నీళ్ళు పడితే ఊరుకుంటుందా? డిపో అంతా అన్నంలా కుతకుత ఉడికిపోయిందట. ఆటగాళ్ళు ముక్కలు వదిలేసి వీధిలో పడ్డారట.

ఇక్కడ మాత్రం పెద్ద బట్టీ చల్లారి సున్నం దిగింది. వెన్నే. షావుకారుగారు మోటారు దిగి, గడ్డ ఒకటి చేతిలో తిప్పి చూసి మురిసిపోయాడు. వచ్చి భుజం మీద చెయ్యేశాడు.

"చూశావా? అచ్చొచ్చిన చెయ్యోయ్ నీది! పక్క బట్టీ కూడా పేర్చి ఉందటగా, దానికీ నువ్వే అగ్గి పెట్టు. నువ్వు లేకపోతే..." అంటూ అగ్గిపెట్టె తీసి ఆయన చేతికి అందివ్వబోయాడు.

పెదకోటయ్య రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. అదే సమయానికి రెండో లారీ వచ్చి గీత అవతల ఆగింది. ముందు సగంలో, చక్రం పట్టుకుని బాలశౌరి కూచుని ఉన్నాడు.

"నేను పోతానండీ" అన్నాడు పెదకోటయ్య.

"ఎక్కడికి?"

"ఎక్కడికో. పోతాను."

షావుకారు మొహం పాలిపోయింది. "పోవడమేంది? మన బట్టీల్లోంచి ఈ మధ్య ఒక్కడూ పోలేదే!"

"పోతానన్నవాణ్ణి బతిమాలొద్దు, తిట్టొద్దు, ఇంకేం పని చేస్తావురా అని అడగమన్నారు గదండీ. అడగండి."

షావుకారు అటూ ఇటూ చూశాడు. కూలీలంతా వింటున్నారు. "ఏం పని చేస్తావు?" అన్నాడు కక్కలేక మింగలేక.

"బాలశౌరి లారీకి క్లీనరు లేడు. అది చేస్తాను."

"మేనేజరువి! క్లీనరేందిరా? మరి ఈ బట్టీలు?"

"అగ్గికి ఆరోగ్యమ్మ ఉంది. ఆఫీసుకు యేసుపాదం ఉన్నాడు." అన్నేళ్ళుగా ఏ మాట నిజమైతే తను ఏమైపోతాడోనని భయపడ్డాడో ఆ మాటే ఇప్పుడు చల్లగా, మజ్జిగ తాగినంత హాయిగా వచ్చింది. "నేను లేకపోతే ఏమీ కాదండీ."

గొడుగు చంకలో పెట్టుకుని గీత దాటాడు. దాటాక ఆగి, చూసి, ఇంకోసారి ఇటు వచ్చి మళ్ళీ దాటాడు, ఊరికే. బాలశౌరి దిగివచ్చి పీపాలో బొగ్గు కుమ్మే ఇనప కడ్డీ ఆయన చేతికిచ్చాడు. "బొగ్గు బాగా కుమ్మాలయ్యా, ఎత్తు వచ్చినప్పుడు" అన్నాడు. "సరేనండీ" అన్నాడు పెదకోటయ్య. అలవాటులేని పని కదా, నోటికి అదే వచ్చింది.

లారీ కదిలింది. షావుకారు నాలుగడుగులు వెంట పరిగెత్తాడు. పరువుగల మనిషి, అంతకంటే పరిగెత్తలేడు. "కోటయ్యా! నరసరావుపేట డిపో నీదేనోయ్! దిగు!"

"దిగుతానండీ" అని అరిచాడు పెదకోటయ్య. "నరసరావుపేటలో!"

నకరికల్లు దాటేదాకా ఆయన బొగ్గు కుమ్ముతూనే ఉన్నాడు. పీపా మూత తీసినప్పుడల్లా పొగ గుప్పున మొహాన కొట్టేది. సాయంత్రం లారీ మల్లమ్మ అన్నగారి ఇంటి ముందు ఆగింది. మల్లమ్మ గుమ్మంలోకి వచ్చి, నల్లగా నిగనిగలాడే మీసంతో ఎవరో పడుచువాడు గొడుగు పట్టుకుని నిలబడి ఉంటే, కొంగు సర్దుకుని అడిగింది:

"ఎవరయ్యా? ఎవరు కావాల?"

"నేనేనే" అన్నాడు పెదకోటయ్య.

మల్లమ్మ దగ్గరకొచ్చి పరకాయించి చూసింది. మసి తుడుద్దామని కొంగు ఎత్తింది. మీసం దాకా వచ్చి చెయ్యి ఆగింది.

"ఉండనీలే" అంది. "బానే ఉంది."